వాల్యూమ్ ఒకటి దాటని ఇంట్లో

నేను మొదట కొన్న గిటార్ యాంప్ (ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) వాల్యూమ్ నాబ్ మీద సున్నా నుంచి పది దాకా అంకెలుండేవి. దాన్ని నాలుగేళ్లు వాడాను. ఆ నాలుగేళ్లలో నాబ్ ఒకటి దాటింది మహా అయితే ఐదారుసార్లు. అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపులూ కిటికీలూ మూసుకుని, ఏదో తప్పు చేస్తున్నవాడిలా. మిగతా రోజులన్నీ నా సాధన సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్న గోరంత సందులోనే సాగింది. ఆ సందులోనూ పనికొచ్చే చోటు ఒక్కటే. వెంట్రుకవాసి ఇటు జరిగితే ఏమీ వినపడదు. అటు జరిగితే పక్కగదిలో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు.

అది 50 వాట్ల యాంప్, 12 అంగుళాల స్పీకర్. సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. "రేపెప్పుడైనా బ్యాండ్‌లో వాయించాల్సొస్తే మళ్లీ ఇంకోటి కొనే పనుండదు" అని అమ్మినాయన అన్న ఒక్క ముక్కకి పడిపోయాను. ఆ రేపు ఇంకా రాలేదు. అప్పటికి నాకు మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) కూడా శుభ్రంగా పట్టడం రాదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

ఆ తర్వాత ఇంకో రెండు యాంపులు మారాయి. ఇప్పుడు ఎవరైనా "గిటార్ కొన్నాను, ఇంట్లో వాయించుకోవడానికి తక్కువలో ఒక యాంప్ చెప్పు" అంటే నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ ఇంట్లో రోజూ ఎంత శబ్దం చేయనిస్తారు? దానికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. వాట్లు ఎన్ని, లోపల ఎఫెక్టులు ఎన్ని, పేరున్న కంపెనీయేనా అన్నవన్నీ తర్వాతి సంగతులు. ఇంటి యాంప్ గొప్పతనం తేలేది గట్టిగా మోగినప్పుడు కాదు, మెల్లగా మోగినప్పుడు. ఈ మాట ఒప్పుకోని మిత్రులు నాకు కొందరున్నారు. వాళ్లతో నోటితో వాదించి అలసిపోయి ఇది రాస్తున్నాను.

ముందు వాట్ల లెక్క. 20 వాట్ల యాంప్ 10 వాట్ల దానికి రెట్టింపు గట్టిగా మోగుతుందని చాలామంది నమ్మకం. మోగదు. పవర్ రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెండింతలైందని అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి పవర్ పదింతలు కావాలి. అంటే 10 వాట్ల యాంప్‌కి రెట్టింపుగా వినిపించేది 20 వాట్లది కాదు, 100 వాట్లది. 15 కొనాలా 20 కొనాలా అని నిద్ర మానుకుని ఆలోచించేవాళ్లు హాయిగా పడుకోవచ్చు.

పైగా వాట్లొక్కటే శబ్దాన్ని తేల్చవు. స్పీకర్‌కి సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నది ఆ అంకె చెబుతుంది. 97 ఉన్న స్పీకర్‌కీ 90 ఉన్న స్పీకర్‌కీ మధ్య 7 డెసిబెల్స్ తేడా, అంటే పవర్‌లో ఐదింతలు. కాబట్టి మంచి స్పీకర్ పెట్టిన 10 వాట్ల యాంపూ, మొద్దు స్పీకర్ పెట్టిన 50 వాట్ల యాంపూ దాదాపు ఒకటే. పెట్టె మీద వాట్లు పెద్ద అక్షరాల్లో రాస్తారు. సెన్సిటివిటీ ఎందుకు రాయరో నాకు తెలియదు కానీ, రాస్తే చాలా పెట్టెలు అమ్ముడుపోవని నా అనుమానం.

ఇంట్లో నిజంగా వాడేదెంతో ఒకసారి లెక్కేసి చూశాను. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటుంటే మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. గిటార్ సాధనకి 75 అనుకుందాం, మేడ మీదా కింద మనుషులున్న ఇంటికి అది కాస్త ఎక్కువే. స్పీకర్ సెన్సిటివిటీ 95 అయితే, 75కి దిగడానికి 20 డెసిబెల్స్ తగ్గాలి. అంటే వాట్‌లో నూరో వంతు చాలు! తీగ మీటిన క్షణంలో వచ్చే దెబ్బ కోసం ఇంకో 15 డెసిబెల్స్ వదిలిపెట్టినా అర వాట్ దాటదు. నా 50 వాట్ల యాంప్‌లో నాలుగేళ్లూ నేను వాడుకున్నది అంతే. మిగతా 49న్నర వాట్లని మోసుకుంటూ మూడు ఇళ్లు మారాను.

ఇక చెవి సంగతి. దుకాణంలో విని మురిసిపోయిన యాంప్ ఇంటికొచ్చేసరికి పేలవంగా, రేకు డబ్బాలా ఎందుకు మోగుతుందో చాలామందికి అర్థం కాదు. మోసపోయామనుకుంటారు. మోసం చేసింది చెవి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి లోతైన స్వరాలు మిగతావాటికంటే త్వరగా మాయమవుతాయి. 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ స్వరం అంతే వినిపించాలంటే 60 దాటాలి. శబ్దం పెంచితే ఈ ఎడం తగ్గుతుంది. అందుకే గట్టిగా మోగే ఏ యాంపైనా నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది. అమ్మేవాళ్లు వాల్యూమ్ పెంచి చూపించడంలో కుట్రేమీ లేదు, వాళ్లకీ అలాగే బాగుంటుంది.

కాబట్టి యాంప్ పరీక్ష చేసే పద్ధతి మారాలి. నేనైతే ఇప్పుడు ఇలా చేస్తాను. నా గిటార్ నేనే తీసుకెళ్తాను, ఎందుకంటే గోడకున్న ఖరీదైన గిటార్‌తో ఏ యాంపైనా బాగుంటుంది. ప్లగ్ పెట్టాక వాల్యూమ్ సున్నాకి తెచ్చి, నెమ్మదిగా పైకి తిప్పుతాను. శబ్దం మెట్టు మెట్టుగా పెరుగుతోందా, లేక ఏమీ లేని చోటు నుంచి ఒక్కసారిగా మీద పడుతోందా? రెండోదైతే అక్కడికక్కడే వదిలేస్తాను. చాలా చవక యాంపులు ఓడిపోయేది ఈ ఒక్క చోటే. కొన్నిటికి నాబ్ మొదటి పావు తిప్పులోనే దాదాపు అంతా వచ్చేస్తుంది, మిగతా ముప్పావు ఊరికే తిరుగుతుంది. కొనేవాడికి "అబ్బో, రెండు మీదే ఇంత ఉందా" అనిపిస్తుంది. ఇంటికెళ్లాక ఆ రెండు మీదకి వెళ్లడానికే వీలుండదు.

తర్వాత గొంతు పెంచకుండా పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వాల్యూమ్‌లో ఆపుతాను. అన్నిటికంటే లావు తీగని ఖాళీగా మీటి, చచ్చిపోయేదాకా వింటాను. చివరి దాకా స్వరంలా ఉందా, మధ్యలో గరగరలాడిందా? తర్వాత ఒక నిండు కార్డు. ఆరు తీగలూ విడివిడిగా తెలుస్తున్నాయా, ముద్దయిపోయాయా? తర్వాత చేతులు తీసేసి ఊరికే కూర్చుంటాను. సుయ్యిమనే హోరు ఎంతుంది? గట్టిగా వాయించేటప్పుడు ఈ హోరు గిటార్ కింద దాక్కుంటుంది. మెల్లగా వాయించేటప్పుడు గిటార్‌తో సమానంగా కూర్చుంటుంది. గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్ని పెంచి గరుకు తెచ్చే నాబ్) పెంచి, మాస్టర్ వాల్యూమ్ (చివరికి బయటికొచ్చే శబ్దాన్ని తేల్చే నాబ్) తగ్గించి ఇదే మళ్లీ వినాలి.

హోరు వేరు, గుయ్యిమనే హమ్ వేరు. సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే ఒంటి చుట్ట) ఉన్న గిటారైతే కరెంటు లైను ఫ్రీక్వెన్సీని, అంటే దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్‌ని, దాని గుణిజాలనీ చుట్టుపక్కల నుంచి పట్టేస్తుంది. కుర్చీలోనే అటూ ఇటూ తిరిగి చూడండి, ఒక దిక్కున తగ్గిపోతుంది. అలా తగ్గితే తప్పు యాంప్‌ది కాదు. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో రెండు చుట్టల హంబకర్ పికప్ తయారు చేసింది ఈ గోల వదిలించుకోవడానికే. ఈ హమ్ మూలంగా మంచి యాంపుల్ని తిరిగిచ్చేసినవాళ్లున్నారు, అందుకే చెప్తున్నాను.

ఇక్కడే మా ట్యూబ్ భక్తులు, అంటే ట్రాన్సిస్టర్లకి బదులు పాతకాలపు గాజు ట్యూబులతో నడిచే యాంపులే యాంపులనేవాళ్లు, లేస్తారు. "అసలైన శబ్దం ట్యూబ్‌దే. ఇంటికి 5 వాట్ల చిన్న ట్యూబ్ యాంప్ తీసుకో, సరిపోతుంది" అంటారు. ట్యూబ్ యాంప్ శబ్దం మీద నాకేం పేచీ లేదు. మిత్రుడింట్లో ఒకటి వాయించి, వారం రోజులు దాని గురించే మాట్లాడాను. పేచీ అంతా ఆ "సరిపోతుంది" అన్న మాటతోనే.

5 వాట్లంటే ఒక వాట్ కంటే 7 డెసిబెల్స్ ఎక్కువ. స్పీకర్ 97ది అయితే మీటరు దూరంలో 104. ఇది ఇంటి శబ్దం కాదు. ఫెండర్ కంపెనీ 1940ల చివర్లోనే నేర్చుకునేవాళ్ల కోసం చిన్న యాంపులు చేసింది. తర్వాత చాంప్‌గా పేరుపడ్డ ఆ వరసలో ఒక్క పవర్ ట్యూబు, 6 లేదా 8 అంగుళాల స్పీకరు, 5 వాట్లకి అటూ ఇటూ. దాన్ని స్టూడియోల్లో పూర్తిగా తిప్పి రికార్డు చేసినవాళ్లున్నారు. పూర్తిగా తిప్పితేనే దాని అందం బయటపడుతుంది మరి. అప్పుడే పవర్ ట్యూబు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, స్పీకర్ కోనుతో సహా అన్నీ తమ హద్దు దగ్గర ఒళ్లు విరుచుకుంటాయి. ఒకటి మీద పెడితే ఆ ఒళ్లు విరుచుకోవడం లేదు. మిగిలేది ఒక మామూలు క్లీన్ (ఏ గరుకూ లేని) శబ్దం, ఒక బరువైన పెట్టె, వందల వోల్టులున్న సర్క్యూటు. ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, తెలియనివాళ్లు వెనక మూత తీయకూడదు. స్పీకర్ కనెక్షన్ ఊడిపోయి ఉండగా ఆన్ చేసి వాయిస్తే ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది. ట్యూబులు అరిగిపోతాయి, మార్చుకోవాలి. పోనీ ఒక వాట్ ట్యూబ్ యాంపులొచ్చాయి కదా అంటారా, అదే స్పీకర్‌తో ఒక వాట్ పూర్తిగా తిప్పితే 97 డెసిబెల్స్. శబ్దం తగ్గించడానికి యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టే అటెన్యుయేటర్లు ఉన్నాయి. అది ఇంకో ఖర్చు. బడ్జెట్ అన్న మాటతో మొదలుపెట్టామని గుర్తు చేయాలి.

ట్రాన్సిస్టర్ అంటే తక్కువరకం అనే చిన్నచూపు ఇంకా పోలేదు. రోలాండ్ జేసీ-120 వచ్చింది 1975లో. పూర్తిగా ట్రాన్సిస్టర్లే. క్లీన్ శబ్దానికి ఈనాటికీ దాని పేరే చెప్తారు. చవక ట్రాన్సిస్టర్ యాంపుల్లో బలహీనం వాటి డిస్టార్షన్ (కావాలని గరుకు చేసిన శబ్దం), అది నిజమే. పదునుగా, ఈగలు ముసిరినట్టు ఉంటుంది. వాటి క్లీన్ ఛానల్ మాత్రం చాలాసార్లు ధరకి మించి ఉంటుంది. ఓ చిన్న డిస్టార్షన్ పెడల్ తర్వాతెప్పుడైనా కొనుక్కోవచ్చు.

నా రెండో యాంప్ మోడలింగ్‌ది. అంటే రకరకాల యాంపుల శబ్దాన్ని కంప్యూటర్ లెక్కలతో అనుకరించేది. మొదటిదాని మీద కోపంతో కొన్నాను. చిన్నది, ఫోన్‌తో కలుస్తుంది, లోపల పదుల కొద్దీ యాంపుల నకళ్లు, లెక్కలేనన్ని ఎఫెక్టులు, జనం పంపిన టోన్లు. కొన్న వారం పండగలా గడిచింది. రెండో నెలలో ఒకరోజు గడియారం చూసుకున్నాను. గిటార్ చేతిలోకి తీసుకుని గంట దాటింది. ఆ గంటలో వాయించింది ఒకే నాలుగు బార్ల ముక్క, దాదాపు ముప్పై రకాల టోన్లలో. ఒక్కసారైనా తాళం లెక్క కొట్టే మెట్రోనోమ్ పెట్టలేదు. వేళ్లు ఏమీ నేర్చుకోలేదు, బొటనవేలు మాత్రం ఫోన్ తెర మీద బాగా ఆరితేరింది.

దీన్ని యాంప్ తప్పనను. న్యాయంగా చెప్పాలంటే తక్కువ వాల్యూమ్ విషయంలో మోడలింగ్ యాంపులే అన్నిటికంటే ముందున్నాయి. కారణం సూటిగా ఉంది. ట్యూబ్ విరుచుకునే శబ్దాన్ని అవి లెక్కలతో పుట్టించి, ఆ తర్వాత వాల్యూమ్ తగ్గిస్తాయి. అందుకే మాట్లాడే గొంతు స్థాయిలో కూడా డిస్టార్షన్ డిస్టార్షన్‌లాగే ఉంటుంది. ఇంట్లో వాయించుకునేవాడి అవస్థ కంపెనీలకి ఎప్పుడో తెలుసు. బోస్టన్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ షోల్జ్ ఎంఐటీలో చదువుకున్న ఇంజినీరు. నడుముకి తగిలించుకునేంత చిన్న హెడ్‌ఫోన్ యాంప్ రాక్‌మ్యాన్‌ని 1980ల మొదట్లోనే తెచ్చాడు. 1998లో లైన్ 6 కంపెనీ వాళ్ల పాడ్ అనే మోడలింగ్ పెట్టె వచ్చింది, చిక్కుడుగింజ ఆకారంలో ఎర్రగా ఉండేది. 2011 ప్రాంతంలో యమహా టీహెచ్ఆర్ వరస వచ్చాక బల్ల మీద పెట్టుకునే యాంప్ అనే జాతే కొత్తగా పుట్టినట్టయింది. బాస్ కంపెనీ 2016లో తెచ్చిన కటానా 50 వాట్ల మోడల్‌కి పవర్ తగ్గించే మీట ఒకటి ఉంటుంది. 50, 25, అర వాట్, ఏది కావాలంటే అది. అర వాట్! పైన నేను వేసిన లెక్క వాళ్లూ వేసుకున్నట్టున్నారు.

మోడలింగ్‌లో నేను చూసేది ఒక్కటే. వాల్యూమ్, గెయిన్, బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు యాంప్ మీదే ఉన్నాయా, లేక ఫోన్ లేకపోతే అది మూగదా? యాప్ మీదే పూర్తిగా బతికే యాంప్ అయితే, ఆ యాప్‌ని కంపెనీ వదిలేసిన రోజున యాంప్ సగం చచ్చినట్టే. ఫోన్లు మారినంత తొందరగా స్పీకర్లు పాడవవు. ఫోన్ చేతిలోకొస్తే ఎక్కడిదాకా పోతామో అది మనందరికీ తెలిసిందే, దాని గురించి వేరే చెప్పను.

నాకు అన్నిటికంటే పట్టింపు స్పీకర్ విషయంలో. డబ్బు తక్కువున్నప్పుడు ఎక్కడ వదులుకున్నా ఇక్కడ వదులుకోవద్దంటాను.

గిటార్ లావు తీగ ఖాళీగా మీటితే 82 హెర్ట్జ్. మూడంగుళాల స్పీకర్ ఆ 82ని దాదాపు పలకలేదు. మరి మనకెలా వినపడుతోంది? దాని పై వరసలు, 164, 246, అలా వచ్చేవాటిని విని, కింద 82 ఉండే ఉంటుందని మెదడు తనే పూరించుకుంటుంది. అందుకే చిన్న స్పీకర్ పెట్టెలు కూడా "ఫరవాలేదే" అనిపిస్తాయి. అరగంట అయ్యాక చెవి అలసిపోతుంది. ఎందుకో తెలియకుండానే గిటార్ పక్కన పెట్టేస్తాం. మూడంగుళాల నుంచి ఎనిమిదికి వెళ్తే కోన్ వైశాల్యం సుమారు ఏడింతలు. కదిలే గాలి పెరుగుతుంది, లావు తీగకి ఒళ్లొస్తుంది. పన్నెండుకి వెళ్తే ఇంకా బాగుంటుంది, కానీ పెట్టె పెద్దదవుతుంది, మెల్లటి వాల్యూమ్‌లో ఆ లాభం అంతగా తెలియదు. చిన్న గదికి నా ఓటు ఎనిమిదికే. ఆరున్నర దాకా ఒప్పుకుంటాను. అంతకంటే చిన్నవి ప్రయాణానికి, వరండాలో పది నిమిషాలు వాయించుకోవడానికి, బ్యాటరీలతో నడిచే సౌఖ్యానికి. బల్ల మీద యాంపుల్లో చిన్న స్పీకర్లని లెక్కలతో సరిదిద్ది చాలా తెలివిగా మోగిస్తారు, అదీ నిజం. అయినా లెక్కలు గాలిని కదపలేవు.

పెట్టె గురించి కూడా ఒక మాట. వెనక తెరిచి ఉన్న పెట్టె శబ్దాన్ని గదంతా పరుస్తుంది. గోడకి ఆనించి పెడితే దాని స్వభావమే మారిపోతుంది, కాస్త ముందుకి జరిపి చూడండి. మూలకి నెడితే బాస్ పెరుగుతుంది. నిజానికి ఇది మెల్లగా వాయించేవాళ్లకి ఉచితంగా దొరికే సాయం.

స్పీకర్ పైస్థాయి స్వరాల్ని టార్చ్‌లైట్‌లా ఎదురుగా సన్నగా చిమ్ముతుంది, పక్కలకి పెద్దగా పంపదు. మనం యాంప్‌ని నేల మీద పెట్టి దాని ముందు నిలబడతాం. వెలుగంతా మోకాళ్లకి. చెవికి అందేది మసక. ఆ మసక పోగొట్టాలని ట్రెబుల్ పెంచుతాం. ఎదురు గదిలో సరిగ్గా దాని ముందున్న మనిషికి అది చెవిలో సూదిలా దిగుతుంది. "ఏంటా గోల" అని అరిచింది అందుకే, మీ వాయిద్యం బాగోలేక మాత్రమే కాదు. యాంప్‌ని చెవి ఎత్తుకి లేపండి, కనీసం వెనక్కి వాల్చి మొహం పైకి ఉండేలా పెట్టండి. అదే యాంప్, అదే గిటార్, ట్రెబుల్ సగానికి దించినా స్పష్టంగా వినిపిస్తుంది. మొత్తం వాల్యూమ్ కూడా తగ్గించుకోవచ్చు. నేను ఈ పని చేయడానికి ఆరేళ్లు పట్టింది.

హెడ్‌ఫోన్స్ ఉంటే యాంప్ ఎందుకు అనే వాదం కూడా ఉంది. బలమైన వాదమే. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటార్ని కంప్యూటర్కి కలిపే చిన్న పెట్టె, దానికి ఉన్న కంప్యూటర్, అంతే. ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ లాంటి సాఫ్ట్‌వేర్ శబ్దం వింటే, కొన్ని చవక యాంపులు సిగ్గుతో తలదించుకోవాలి. తీగ మీటాక శబ్దం వినపడటానికి పట్టే ఆలస్యం కూడా భయపడేంత ఉండదు. 48,000 శాంపిల్ రేట్‌లో (సెకనుకి 48,000 శబ్దపు ముక్కలు) 128 బఫర్ (ఒకసారికి 128 ముక్కలు పోగుచేసుకోవడం) అంటే ఒక దారికి మూడు మిల్లీసెకన్లకి లోపు. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, కాబట్టి మొత్తం 10 మిల్లీసెకన్ల ఆలస్యమైనా యాంప్ మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టే లెక్క. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం ఈ ఆట ఆడొద్దు. చాలావాటిలో వంద, రెండొందల మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. యాంప్ వీధి చివర పెట్టుకుని వాయించినట్టు ఉంటుంది. యాంప్‌కి బ్లూటూత్ ఉంటే పాటలు పెట్టుకుని వాటితో కలిసి వాయించడానికి వాడుకోండి, దానికి భేషుగ్గా పనికొస్తుంది.

అయినా నేను యాంప్ వైపే. కంప్యూటర్ తెరవాలి, సాఫ్ట్‌వేర్ లేవాలి, అదేదో అప్‌డేట్ అడుగుతుంది, ఈలోపు మెయిల్ కనపడుతుంది. యాంప్‌కైతే ఒక స్విచ్. పని మధ్యలో దొరికే పది నిమిషాల్లో గిటార్ తీసేది దేనికోసం? నా విషయంలో ఆ స్విచ్ కోసమే. రెండోది, గదిలో మోగే శబ్దంలో నా కుడిచేయి బలం ఎంతో నాకు తెలుస్తుంది. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా గాలిలోకి వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం. అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 97 దగ్గర అరగంటే. పైన చెప్పిన ఒక వాట్ ట్యూబ్ యాంప్ గుర్తుందిగా.

రాత్రిళ్లకి హెడ్‌ఫోన్ జాక్ మాత్రం ఉండి తీరాలి. ఉందా లేదా అని పెట్టె మీద చదివితే చాలదు, పెట్టుకుని వినాలి. గిటార్ స్పీకర్ 5000 హెర్ట్జ్ దాటాక దాదాపు కోసేస్తుంది, డిస్టార్షన్‌లోని గరుకంతా అక్కడే పోతుంది. హెడ్‌ఫోన్స్ అలా కోయవు. ఆ స్పీకర్ పని చేసే చిన్న సర్క్యూట్ యాంప్‌లో పెట్టకపోతే చెవిలో తేనెటీగల తుట్టె కదిలినట్టుంటుంది. గిటార్‌ని తిన్నగా మ్యూజిక్ సిస్టమ్‌లో గుచ్చినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. దాంతోపాటు శబ్దం మూగగా కూడా ఉంటుంది, ఎందుకంటే గిటార్ పికప్‌కి దాదాపు మెగా ఓమ్ ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి, ఆ సిస్టమ్ ఇచ్చేది అందులో చిన్న వంతు.

గట్టిగా వాయించే పక్షం దగ్గర ఒక్క మంచి మాట ఉంది, దాన్ని దాచను. స్పీకర్ శబ్దం తీగని తాకి, తీగ ఆగకుండా పాడుతూనే ఉండటం గట్టి వాల్యూమ్‌లోనే జరుగుతుంది. ఆ ఫీడ్‌బ్యాక్ ఆనందం ఇంటి యాంప్ ఇవ్వదు. ఇవ్వదంతే. దానికోసం నెలకోసారి రిహార్సల్ గది అద్దెకి తీసుకుంటే అక్కడ పెద్ద యాంప్ ముందే ఉంటుంది. ఆ ఒక్కపూట కోసం మిగతా రోజులన్నీ నూరో వంతు వాట్ దగ్గర నరకం పడటం నాకు సబబుగా లేదు.

పాతది కొనేవాళ్లకి: అన్ని నాబ్‌లూ ఒక్కొక్కటిగా తిప్పండి. గరగరమంటే కంగారు లేదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. ధర తగ్గించమనడానికి మాత్రం పనికొస్తుంది. కేబుల్ పెట్టే జాక్‌ని అటూ ఇటూ మెల్లగా కదపండి, శబ్దం పోయి వస్తుంటే అతుకు వేయించుకోవాలి. లావు తీగ వాయించినప్పుడు స్పీకర్ బరబరమంటే మాత్రం కొనొద్దు. అడాప్టర్‌తో నడిచేదైతే అసలు అడాప్టరే ఇస్తున్నారా చూడండి. వేరేది గుచ్చితే వోల్టేజీ, పొలారిటీ తేడా వచ్చి యాంప్ పోవచ్చు.

ఇప్పటికే పెద్ద యాంప్ కొనేసి నాలాగే ఒకటి మీద ఇరుక్కున్నవాళ్లకి ఒక చిట్కా. వెనక సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లుంటే (లోపలి సిగ్నల్ని బయటికి పంపి మళ్లీ లోపలికి తెచ్చే దారి అది), వాటి మధ్య ఒక వాల్యూమ్ పెడల్ పెట్టండి. పెడల్‌ని కిందికి దించి, యాంప్ నాబ్‌ని మూడు నాలుగు మీదికి తెచ్చుకోవచ్చు, తిప్పడానికి చోటు దొరుకుతుంది. గిటార్ మీది వాల్యూమ్ తగ్గించినా పనవుతుంది కానీ, చాలా గిటార్లలో దాంతోపాటు ట్రెబుల్ కూడా కొంచెం పోతుంది. ఈ సెండ్ రిటర్న్ సంగతి నాకు మొదటి యాంప్ రోజుల్లో తెలిసుంటే రెండోది కొనేవాణ్ని కానేమో.

ఇప్పుడు నా దగ్గరున్న మూడోది 20 వాట్లది, ఎనిమిదంగుళాల స్పీకరు, రెండు ఛానళ్లు, హెడ్‌ఫోన్ జాక్, పాటలు పెట్టుకునే ఆక్స్ ఇన్‌పుట్. అంతే ఉంది. డిస్టార్షన్ ఛానల్ అంత గొప్పగా లేదు. సాధనలో ముప్పావు భాగం క్లీన్ మీదే చేస్తాను కాబట్టి అది నన్ను పెద్దగా బాధించలేదు. క్లీన్ మీద వేలు సరిగ్గా పడని ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) వెంటనే పట్టిస్తుంది, గెయిన్ పెంచితే గట్టి మెత్తా తేడాలన్నీ ఒకే మట్టానికొచ్చి ఆ లోపం తప్పించుకుంటుంది. నాబ్ నాలుగు మీద ఉంటుంది. నాలుగున్నరకి తిప్పితే ఆ అర మేరకే పెరుగుతుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నాకది ఇంకా కొత్తగానే ఉంది.

మొదటి 50 వాట్ల యాంప్‌ని అమ్మలేదు. గదిలో కిటికీ పక్కనే ఉంది. కొత్తదాన్ని దాని మీదే పెట్టుకుంటాను. కుర్చీలో కూర్చుంటే స్పీకర్ సరిగ్గా చెవి ఎత్తుకి వచ్చింది.